తోడేలుతో ఒప్పందం రాసుకున్న ఊరు

(రాజమహేంద్రవరంలోని ఒక గ్రంథాలయంలో విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

మిత్రులందరికీ నమస్కారం.

ముందుగా ఈ బొమ్మ చూడండి. ముందు వరసలో ఉన్నవారు చూసి వెనక్కి అందించండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఒక వర్ణచిత్రానికి నకలు ఇది. 1437–44 మధ్య సస్సెత్తా అనే సియెనా చిత్రకారుడు వేశాడు. కోట గోడ ఉంది, ద్వారం ఉంది, ద్వారం దగ్గర గుంపుగా జనం ఉన్నారు. వాళ్ల ముందు ముతక అంగీ వేసుకున్న సన్యాసి నిలబడ్డాడు. ఆయన చేతిలో తోడేలు తన కాలు పెట్టింది. దాని వెనక దారిలో అది తిని వదిలేసిన మనుషుల ఎముకలు పడి ఉన్నాయి. ఇవన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. మీరు ఇంకొక మనిషిని కూడా చూడాలి. ఆ సన్యాసి దగ్గరే కూర్చుని కాగితం మీద రాసుకుంటున్న ఆయన నోటరీ. పాత మాటల్లో చెప్పాలంటే దస్తావేజు లేఖరి. తోడేలుకూ ఊరికీ మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఆయన పత్రం మీదకు ఎక్కిస్తున్నాడు.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ ఊరి గురించి. పేరు గుబ్బియో. ఇటలీ నడిబొడ్డున ఉంబ్రియా ప్రాంతంలో, పెరూజా జిల్లాలో ఉంటుంది. జనాభా ముప్పై వేల చిల్లర. ఇంజీనో అనే కొండ పాదాన, వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన రాతి ఊరు. నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది తోడేలు కోసం కాదు, మట్టి కోసం. ఆ మట్టి సంగతి తరవాత చెబుతాను. దానికి మన గోదావరి ఒడ్డుతో నిజంగానే సంబంధం ఉంది.

ముందు కథ. పునీత ఫ్రాన్సిస్ పేరు మీరందరూ వినే ఉంటారు. అస్సీసి పట్టణంలో బట్టల వ్యాపారి కొడుకు. తండ్రి ఆస్తి వద్దనుకుని, ఒంటి మీద బట్టలు కూడా తండ్రికే తిరిగి ఇచ్చేసి, పేదరికాన్ని కోరుకున్నవాడు. 1226లో మరణించాడు. తండ్రి ఇంటి నుంచి బయటపడ్డాక ఆయన నడిచి వెళ్లిన ఊరు గుబ్బియోనే. అస్సీసి నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. దారిలో దొంగలు పట్టుకుని, దోచుకోవడానికి ఏమీ లేదని మంచు గుంటలో పడేశారని ఆయన తొలి జీవిత చరిత్ర చెబుతుంది. గుబ్బియో చేరితే పాత స్నేహితుడొకరు ఒంటికి అంగీ ఇచ్చాడు. స్పాదలోంగా కుటుంబానికి చెందినవాడని ఊరివాళ్ల నమ్మకం. ఆ ఇంటి స్థలంలోనే ఇవాళ సాన్ ఫ్రాంచెస్కో చర్చి ఉంది. ఊరికీ ఆయనకూ అనుబంధం ఒక బట్ట ముక్కతో మొదలైంది.

ఆ తరవాత కొన్నేళ్లకు గుబ్బియో చుట్టూ ఒక పెద్ద తోడేలు తిరగడం మొదలుపెట్టిందట. మొదట గొర్రెల్ని, మేకల్ని తిన్నది. తరవాత మనుషుల్ని. జనం ఊరి బయటికి రావాలంటే యుద్ధానికి పోతున్నట్టు ఆయుధాలు పట్టుకుని వచ్చేవారు. చివరికి ద్వారం దాటడమే మానేశారు. అప్పుడు ఫ్రాన్సిస్ ఆ ఊళ్లోనే ఉన్నాడు. వెళ్లవద్దని అందరూ బతిమాలుతున్నా వినకుండా బయలుదేరాడు. తోడు వచ్చినవాళ్లు కొంత దూరం వెళ్లి ఆగిపోయారు. తోడేలు నోరు తెరుచుకుని మీదికి దూకింది. ఆయన సిలువ గుర్తు వేసి, సోదరా అని పిలిచాడు. అది ఆగి, తల వంచి, వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకుంది.

చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. అద్భుతం జరిగింది, మహాత్ముడి ముందు క్రూరమృగం లొంగిపోయింది, అంతే. నాకు మాత్రం కథ అసలు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్రాన్సిస్ దానిని దీవించి పంపించెయ్యలేదు. అది చేసిన నేరాలన్నీ ముందు దానికే వివరంగా చెప్పాడు. జంతువుల్ని చంపావు, మనుషుల్ని చంపావు, ఉరి వేయాల్సినంత తప్పు చేశావు, ఊరంతా నీ మీద పగతో ఉంది అన్నాడు. ఆ వెంటనే, ఇదంతా నువ్వు ఆకలితో చేశావని నాకు తెలుసు అన్నాడు. నువ్వు బతికినన్నాళ్లూ ఈ ఊరి వాళ్లు నీకు తిండి పెట్టేలా చూస్తాను, బదులుగా నువ్వు మనిషిని గానీ జంతువును గానీ ముట్టనని మాట ఇవ్వు అన్నాడు. తోడేలు కాలు ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

అక్కడితోనూ అయిపోలేదు. దాన్ని వెంటబెట్టుకుని ఊరి నడివీధిలోకి తీసుకొచ్చాడు. జనమంతా పోగయ్యారు. అందరి ముందు మళ్లీ అదే మాట ఇప్పించాడు. ఈసారి ఊరి చేత కూడా ఇప్పించాడు. తాను హామీగా ఉంటానని చెప్పాడు. అంటే రెండు పక్షాలు, షరతులు, సాక్షులు, జామీను. ఒప్పందానికి కావలసినవన్నీ ఉన్నాయి. కథ రాసిన పుస్తకంలో నోటరీ లేడు. వందేళ్ల పైన గడిచాక సస్సెత్తా బొమ్మ వేస్తూ ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. కథను ఎంత లోతుగా చదివితే ఆ మనిషి అక్కడ ఉండాలని తోస్తుంది! ఆ ఒక్క మనిషిని చేర్చినందుకే సస్సెత్తా అంటే నాకు గొప్ప గౌరవం.

ఆ తరవాత తోడేలు రెండేళ్లు బతికింది. ఇంటింటికీ వెళ్లేది. జనం తిండి పెట్టేవారు. ఒక్క కుక్క కూడా దాన్ని చూసి మొరగలేదు. ముసలితనంతో చచ్చిపోయినప్పుడు ఊరంతా బాధపడింది.

మనకు ఆవు–పులి కథ ఉంది. పుణ్యకోటి అనండి, గంగిగోవు అనండి, చిన్నప్పుడు అమ్మ చెప్పగా విని ఏడవని వాళ్లు మనలో తక్కువ. దూడకు పాలిచ్చి వస్తానని మాట ఇచ్చిన ఆవు తిరిగి వస్తుంది. ఆ సత్యానికి పులి కరిగిపోతుంది. అక్కడ మాట నిలబెట్టుకున్నది బలహీనురాలు. గుబ్బియోలో రోజూ మాట నిలబెట్టుకోవలసింది ఊరు. తోడేలు ఒక్కసారి మారితే చాలు. ఊరు మాత్రం ప్రతి పూటా ఒక ముద్ద పక్కన పెట్టాలి. నిన్నటిదాకా తన బిడ్డను తిన్న జంతువు గుమ్మంలోకి వస్తే గిన్నెలో కూడు వెయ్యాలి. ఆ బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుమ్మం ముందు కూడా అది ఆగి ఉంటుంది కదా. ఆమె ఏం చేసిందో కథ చెప్పదు. అన్నిటికంటే నాకు ఆమె గురించే ఎక్కువ ఆలోచన వస్తుంది.

ఇది జరిగిందా అని మీరు అడుగుతారు. ఫ్రాన్సిస్ తొలి జీవిత చరిత్రల్లో ఈ కథ లేదు. ఆయన పోయి నూరేళ్లు దాటాక పద్నాలుగో శతాబ్దంలో కూర్చిన కథల సంపుటిలో వచ్చింది. దాని ఇటాలియన్ రూపాన్నే ‘ఫియొరెత్తి’ అంటారు, అంటే చిరుపూలు. ఇరవై ఒకటో అధ్యాయం. తోడేలంటే నిజానికి దారి కాసి దోచుకునే బందిపోటనీ, లేదా పీడించే దొర అనీ చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ వివరణ అవసరమనిపించదు. ఆ కొండల్లో తోడేళ్లు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. చలికాలం ఆకలికి అవి ఊళ్ల దగ్గరికి రావడం వింతేమీ కాదు.

ఇక ఊళ్లోకి వెళదాం. గోడల బయట, మైదానంలో, విత్తోరీనా అనే చిన్న చర్చి ఉంది. పూర్తి పేరు సాంతా మరియా దెల్లా విత్తోరియా. ఫ్రాన్సిస్, తోడేలు ఎదురుపడింది ఇక్కడే అంటారు. పక్కన ఇద్దరి కంచు విగ్రహం ఉంటుంది. అక్కడి నుంచి కొండ వైపు చూస్తే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. కొంచెం అవతల పచ్చిక మధ్య రోమన్ల నాటి నాటకశాల. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో కట్టారు, ఆరు వేల మంది పట్టేదని లెక్క. వేసవి రాత్రుల్లో ఇప్పటికీ అక్కడ నాటకాలు ఆడతారు.

కొండ వైపు నడిస్తే ఊరి కింది భాగంలో ఒక విశాలమైన చౌకు వస్తుంది. దాని పేరు నలభై అమరుల చౌకు. ఇది పురాణం కాదు. 1944 జూన్‌లో జర్మన్ సైన్యం ఉత్తరానికి వెనక్కి తగ్గుతూ ఉండగా, గుబ్బియోలో ప్రతిఘటన దళం వాళ్లు ఒక జర్మన్ సైనిక వైద్యుణ్ణి కాల్చి చంపారు. దానికి ప్రతీకారంగా జూన్ 22న జర్మన్ సైనికులు నలభై మంది పౌరుల్ని గోడకు నిలబెట్టి కాల్చేశారు. వాళ్లలో ఇద్దరు స్త్రీలు, తల్లీ కూతుళ్లు. ఆ స్థలంలో స్మారక మందిరం కట్టారు. నేను అక్కడికి వెళ్లిన రోజు ఎండ బాగా కాస్తోంది. లోపల ఒక ముసలావిడ సమాధి పలకను చేతిరుమాలుతో తుడుస్తోంది. నేను మాట్లాడలేదు. తోడేలును క్షమించిన ఊరు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ ఊరికి ఇది కూడా జరిగిందని తెలిసి ఆ మాట అనాలి.

అక్కడి నుంచి మెట్లు ఎక్కి పైకి వెళితే పియాట్సా గ్రాండే, పెద్ద చౌకు. పేరు పెద్దదే గానీ చూడవలసింది పరిమాణం కాదు, అది నిలబడిన తీరు. వాలు మీద చదును నేల లేదు కాబట్టి, పద్నాలుగో శతాబ్దంలో పెద్ద పెద్ద కమానులు కట్టి, వాటి మీద ఈ చౌకును గాలిలో వేలాడదీశారు. ఊరికి నాలుగు పేటలుండేవి. ఏ పేటకూ మొగ్గు చూపకుండా, అన్నిటికీ మధ్యలో పడేలా ఈ స్థలం ఎంచుకున్నారు. దాని ఒక పక్క పలాట్సో దెయి కొన్సోలి, పరిపాలకుల భవనం. 1332 నుంచి 1349 వరకు కట్టారు. విసనకర్రలా విప్పుకున్న మెట్లు, పైన పళ్ల వరసలాంటి పిట్టగోడ, సన్నని గంట స్తంభం. ఆ కాలంలోనే పై అంతస్తుకు గొట్టాల ద్వారా నీళ్లు ఎక్కించారు. పెద్ద గంటను ఇవాళ్టికీ యంత్రంతో కాకుండా మనుషులే మోగిస్తారు. గంట మోగించే వాళ్లు కాళ్లతో తన్ని దాన్ని ఊపుతారు. పండగ రోజున ఆ చప్పుడు కింద చౌకులో నిలబడితే గుండెలో తగులుతుంది.

ఆ భవనంలోనే ఉన్నాయి ఏడు కంచు పలకలు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి. ఈ ఊరిలో నన్ను అన్నిటికంటే కదిలించినవి అవే.

రోమ్ ఇంకా ఇటలీని మింగెయ్యక ముందు ఈ ప్రాంతంలో ఉంబ్రియన్లనే ప్రజలుండేవారు. వాళ్ల భాష లాటిన్‌కు దాయాది లాంటిది. ఆ భాషలో మనకు మిగిలిన అతి పెద్ద రచన ఈ పలకల మీదే ఉంది. నాలుగు వేలకు పైగా మాటలు. క్రీస్తుకు పూర్వం మూడు నుంచి ఒకటో శతాబ్దం మధ్య చెక్కారు. పాత పలకల మీద లిపి పొరుగున ఉన్న ఎత్రుస్కన్లనే ప్రజల నుంచి తీసుకున్నది, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కొత్తవాటి మీద లాటిన్ లిపి. పదిహేనో శతాబ్దంలో దొరికాయి. 1456లో పట్టణం వాటిని కొని తన దగ్గర పెట్టుకుంది, ఎవరికీ ఇవ్వలేదు.

వాటి మీద రాజుల విజయాలు లేవు. ఒక పురోహిత బృందం చేయవలసిన క్రతువుల పద్ధతి ఉంది. ముందు పక్షుల శకునం చూడాలి. తరవాత ఊరి ద్వారాల దగ్గర ఒక్కొక్కచోట ఏ దేవుడికి ఏ జంతువును బలి ఇవ్వాలి, ఏ మంత్రం చెప్పాలి, ఎంత మెల్లగా చెప్పాలి అన్నీ రాశారు. మధ్యలో ఎక్కడైనా తప్పు జరిగితే మళ్లీ శకునం చూసి, మొదటి ద్వారానికి తిరిగి వెళ్లి, అంతా మొదటి నుంచి చేయాలి. శ్రౌతం, అంటే వైదిక యజ్ఞాల పద్ధతి గురించి కొద్దిగా తెలిసినవారికి ఈ మాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

ఆ ప్రార్థనలో ఒక వరస ఉంది. దేవుణ్ణి ఊరినీ, ఊరి వాళ్లనూ కాపాడమని అడుగుతూ వాళ్లు వాడిన మాటలు వినండి. ‘నేర్ఫ్’, అంటే పెద్దలు. ‘వేయిరో’, అంటే మనుషులు. ‘పెక్వో’, అంటే పశుసంపద. సంస్కృతంలో నర, వీర, పశు. మనం నరుడు అంటాం, వీరుడు అంటాం, పశువు అంటాం. సంస్కృతం నుంచి మన ఇంటి భాషలోకి వచ్చిన ఆ మూడు మాటలూ, రెండు వేల ఏళ్ల కింద ఉంబ్రియా కొండ మీద ఒక పురోహితుడు గొణిగిన ప్రార్థనలోని మూడు మాటలూ ఒకే తల్లి బిడ్డలు. ఇది పోలికను చూసి చేసిన ఊహ కాదు, భాషాశాస్త్రం నిలకడగా తేల్చిన సంగతి. అద్దం అవతల పచ్చబడిన కంచు మీద ఆ అక్షరాలు చూస్తూ పశువు, పశువు అని నాలో నేనే అనుకున్నాను. మనుషుల్నీ పశువుల్నీ కాపాడు. తోడేలు వచ్చి తిన్నది కూడా సరిగ్గా వాటినే కదా. ఆ ఊరి భయం, ఆ ఊరి కోరిక అంత పాతవి.

ఇక పండగ. ఆ ఊరివాళ్లను మీ ఊరి గొప్ప ఏమిటని అడగండి, తోడేలు అనరు. మే 15 అంటారు. ఆ రోజు చేరి పరుగు. చేరి అంటే మైనపు వత్తులని అర్థం. ఒకప్పుడు మైనంతో చేసి మొక్కుగా ఇచ్చేవారని అంటారు. ఇప్పుడు అవి కర్రతో చేసిన నిలువెత్తు స్తంభాలు. మనిషికి రెండింతల పైన, నాలుగు మీటర్లకు మించి ఎత్తు. ఒక్కొక్కటి సుమారు 280 కిలోల బరువు. మూడు చేరిల మీద ముగ్గురు పునీతుల చిన్న బొమ్మలుంటాయి. తాపీ పనివాళ్లది ఉబాల్దో, పసుపు చొక్కా. వర్తకులది జార్జి, నీలం చొక్కా. రైతులది ఆంథోనీ, నల్ల చొక్కా. అందరికీ తెల్ల ప్యాంటు, నడుముకు ఎర్ర గుడ్డ.

ఉబాల్దో ఈ ఊరి బిషప్. 1160 మే 16న మరణించాడు. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా ఊరిని నాశనం చెయ్యకుండా ఆయనే మాట్లాడి ఆపాడని జనం నమ్మకం. గమనించండి, ఇక్కడ కూడా మీదికి వచ్చినవాడితో మాట్లాడిన మనిషే. ఆయన దేహాన్ని 1194లో ఇంజీనో కొండ మీదికి చేర్చారు. ఇప్పటికీ అక్కడి చర్చిలో గాజు పేటికలో ఉంది.

మధ్యాహ్నానికి ముందు పెద్ద చౌకులో అడుగు పెట్టే చోటు ఉండదు. ఒక్కొక్క చేరి మీద బృంద నాయకుడు ఎక్కి, పింగాణీ కూజాలోని నీళ్లు దాని మీద పోస్తాడు. గంట మోగుతుంది. చేరిని ఒక్క ఊపున నిలువుగా లేపుతున్న క్షణంలోనే కూజాను గాల్లోకి విసురుతాడు. అది పగిలి పడగానే పెంకుల కోసం జనం ఎగబడతారు. ఒక పెంకు ఇంట్లో ఉంటే మంచిదని నమ్మకం. మూడు చేరిలూ చౌకు చుట్టూ తిరిగి, ఊరంతా తిరిగి, సాయంత్రం ఆరింటికి పరుగు మొదలవుతుంది. ఇరుకు సందుల్లో, నిట్టనిలువు వాలులో, కొండ మీది చర్చి దాకా. భుజాలు మార్చుకోవడం కూడా పరుగు ఆపకుండానే. ఒకడు తప్పుకుంటుంటే ఇంకొకడు కిందికి దూరతాడు.

ఈ పరుగులో గెలుపు ఓటములు లేవు. ఎప్పుడూ ఉబాల్దో ముందు, జార్జి మధ్య, ఆంథోనీ వెనక. ఒకరిని దాటి ఒకరు పోవడం లేదు. మరి ఎందుకు పరుగెత్తుతారు? నేను రెండోసారి వెళ్లినప్పుడు ఒక వీధి మలుపులో నిలబడి ఇదే ప్రశ్న పక్కనున్న ఒక పెద్దాయన్ని అడిగాను. తన భుజం మీద చర్మం గట్టిపడిన చోటు చూపించి, చేరి పడకుండా పైకి చేర్చడమే మా పని అన్నాడు. నిటారుగా, వంగకుండా చేర్చాలి. చేరి గోడకు తగిలినా, పడిపోయినా ఆ మచ్చ ఏడాదంతా ఆ బృందం మీద ఉంటుంది. పైన చర్చి దగ్గర మాత్రం ఉబాల్దో వాళ్లు ముందు చేరి తలుపు మూసెయ్యడానికి చూస్తారు, వెనక వచ్చే వాళ్లు మూసేలోపు దూరడానికి చూస్తారు. చీకటి పడ్డాక పునీతుల చిన్న బొమ్మల్ని దీపాలతో, పాటలతో కిందికి తెస్తారు. పెద్ద చేరిలు మళ్లీ వసంతం వరకు కొండ మీదే ఉంటాయి. ఉంబ్రియా ప్రాంతం జెండా మీద ఉన్న గుర్తు ఈ మూడు చేరిలే. ఊరు విడిచి అమెరికా వెళ్లిన గుబ్బియో వాళ్లు పెన్సిల్వేనియాలోని జెస్సప్ అనే ఊళ్లోనూ ఈ పండగ చేసుకుంటారు. 2020లో, 2021లో మహమ్మారి వల్ల పరుగు జరగలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ పెద్దాయన గొంతు మారింది.

శీతకాలంలో అదే కొండ వాలు మీద దీపాలతో క్రిస్మస్ చెట్టు ఆకారం వేస్తారు. 1981 నుంచి ఏటా వేస్తున్నారు, ప్రపంచంలోకెల్లా పెద్దదని 1991లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నేను చూడలేదు, కాబట్టి ఎక్కువ చెప్పను.

ఇప్పుడు మట్టి. ఊరికి ఆనుకుని బొత్తాచ్చోనే అనే కనుమ ఉంది. రోడ్డు పక్కనే గులాబీ రంగు సున్నపురాయి పొరలు పుస్తకంలో పేజీల్లా పేర్చి ఉంటాయి. ఒకప్పుడు సముద్రపు అడుగు. ఆ పొరల మధ్య ఒకచోట సుమారు ఒక సెంటీమీటరు మందాన బంకమట్టి ఉంటుంది. దాని కింది సున్నపురాయిలో ఇసుక రేణువంత సూక్ష్మజీవుల గుల్లలు కంటికి కనిపించేంతగా ఉంటాయి. దాని పైన అవి దాదాపు మాయమై, కొన్ని అతి చిన్న రకాలే మిగులుతాయి. కింద డైనోసార్ల లోకం, పైన అవి లేని లోకం. మధ్యలో వేలి గోరంత గీత.

1970లలో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడ పనిచేస్తూ, ఈ గీత ఏర్పడడానికి ఎంత కాలం పట్టిందో తెలుసుకోవాలనుకున్నాడు. తండ్రి లూయీ అల్వారెజ్ నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త. అంతరిక్ష ధూళితో పాటు నెమ్మదిగా రాలే ఇరిడియం అనే లోహాన్ని కొలిస్తే కాలం తెలుస్తుందని ఆయన ఆలోచన. రసాయన శాస్త్రవేత్తలు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ కొలిచారు. చుట్టూ ఉన్న రాయిలో కంటే ముప్పై రెట్ల దాకా ఎక్కువ ఇరిడియం వచ్చింది. నెమ్మదిగా రాలిన ధూళి అంత తేలేదు. సుమారు పది కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న గ్రహశకలం ఢీకొట్టిందని 1980లో నలుగురూ కలిసి ప్రకటించారు. ఆ దెబ్బ తగిలిన గుంట మెక్సికోలోని యుకటాన్ దగ్గర ఉందని పదేళ్ల తరవాత తేలింది. ప్రపంచ చరిత్రలో అతి భయంకరమైన రోజుకు సాక్ష్యం ముందు పలికింది ఈ తోడేలు ఊరి పక్కన.

దీనికి మన సంబంధం ఏమిటంటే, డైనోసార్లు అంతరించడానికి గ్రహశకలం ఒక్కటే కారణమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అదే కాలంలో దక్కన్‌లో లక్షల చదరపు కిలోమీటర్ల మేర లావా పొంగింది. ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ వైపు మీరు చూసే నల్లరాయి అదే. ఆ లావాలో ఒక పాయ మన ఊరి వరకు వచ్చింది. గోదావరికి ఈ వైపు కాతేరులో, ఆ వైపు పంగిడిలో, దుద్దుకూరులో క్వారీలున్నాయి కదా. అక్కడ రెండు లావా పొరల మధ్య సన్నని సున్నపురాయి పొర ఉంది. అందులో సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. పడమటి కనుమల నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పాత నదీ లోయల వెంట పారివచ్చిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. గుబ్బియోలో నేను వేలు పెట్టి చూసిన ఆ గీతా, మనం కంకర కొట్టించి రోడ్లకు వేస్తున్న ఈ రాయీ 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి ఒకే కథలోవి. ఒకటి అక్కడ చదివారు. ఇంకొకటి ఇక్కడ, మన కళ్ల ముందు, రోజూ పిండి అయిపోతోంది. ఆ సున్నపురాయి పొర కనిపించే కొన్ని గజాల గోడనైనా తవ్వకుండా వదిలెయ్యాలని నేను ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాను. ఈ సభలోనూ అడుగుతున్నాను.

చివరిగా మళ్లీ తోడేలు దగ్గరికి. ఊరి లోపల సాన్ ఫ్రాంచెస్కో దెల్లా పాచే అనే చిన్న చర్చి ఉంది, శాంతి ఫ్రాన్సిస్ చర్చి అన్నమాట. తాపీ పనివాళ్ల చర్చి అని కూడా అంటారు. తోడేలు ఆ రెండేళ్లూ ఉన్న చోటు, చనిపోయాక పూడ్చిన చోటు ఇదేనని చెబుతారు. ఫ్రాన్సిస్ నిలబడి ఒప్పందం చెప్పించిన రాయి అంటూ ఒక రాయిని చూపిస్తారు. 1872లో ఈ చర్చి మరమ్మతులు చేస్తుంటే, గోడ పక్కన ఒక బండ కింద పెద్ద తోడేలు అస్థిపంజరం బయటపడిందని చెబుతారు. పనివాళ్లు దాన్ని పారెయ్యలేదు. తీసుకెళ్లి చర్చి లోపల పూడ్చారు.